ఆగుతొట్టిలో దీవెన

సాయంత్రం షిఫ్టు దిగే వేళకి బందరు కొత్తరేవు క్వార్టర్సులో ఇంటింటా ఒకే గొంతు వినిపించేది.

"అమ్మగారూ, పాపని లేపమంటారా?"

మగపిల్లాడున్న ఇంట్లో పాపకి బదులు బాబు అనేది, అంతే తేడా. కరుణకుమారి చెప్పులు విప్పుతూ "లేపు" అనేది. అడిగింది గోడవారనున్న తెల్లటి తొట్టే. దాని మూత పైకి లేచేది. లోపలున్న దీవెన పొద్దున ఎక్కడ ఆపిందో అక్కడే మాట అందుకునేది. "అప్పుడేమో ఆ పిల్లి మన పాలు తాగేసిందమ్మా!"

మధ్యలో పూర్తి షిఫ్టు గడిచిపోయిందని ఆ పిల్లకి తెలియదు.

ఆ తొట్టి అసలు పేరు నిశ్చల శయ్య. మూత పడగానే లోపల స్టాసిస్ ఫీల్డ్, అంటే నిశ్చల క్షేత్రం, పుట్టి ఒంట్లోని ప్రతి కణాన్నీ ఉన్నదున్నట్టు ఆపేస్తుంది. ఆకలి ఉండదు, దాహం ఉండదు, గోరు కూడా పెరగదు. జనం నోళ్ళలో పడి అది ఆగుతొట్టి అయింది.

సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కొత్తరేవు కర్మాగారంలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనిచేస్తే తప్ప ఇల్లు గడవదు. మరి పిల్లల్ని చూసేదెవరు? అందుకని ప్రభుత్వం సాయం ప్రకటించి మూడు దారులు చూపించింది. శిశుకేంద్రానికి కూపన్లు తీసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు సగంపూటే పనిచేస్తే తగ్గిన జీతంలో కొంత సర్కారు ఇస్తుంది. లేదా ఇంటికొక ఆగుతొట్టి ఉచితం. ఒక్కటే ఎంచుకోవాలి, బిడ్డ బడిలో చేరేదాకా మార్చుకోడానికి వీల్లేదు. సగంపూట వాళ్ళకి ప్రమోషన్లు రావని అందరికీ తెలుసు కాబట్టి ఆ దారిలో గడ్డి మొలిచింది.

కరుణ ముందు శిశుకేంద్రాన్నే అనుకుంది. కూపన్లు ఎంచుకునేముందు చూద్దామని, సొంత డబ్బుతో కొన్నాళ్ళు పంపింది కూడా. ఒకరోజు సాయంత్రం అక్కడి ఆయా ఎదురొచ్చి, "మీ పాప ఇవాళ నడిచిందండీ! మూడడుగులేసి నా ఒళ్ళో పడింది" అని మురిసిపోతూ చెప్పింది. కరుణ అక్కడ నవ్వింది. బస్సెక్కాక ఏడ్చింది.

"మన పిల్ల మొదటి అడుగు ఎవరో చూడ్డమేంటండీ?" అంది భర్తతో. ప్రసన్నబాబు మెత్తటి మనిషి. "తొట్టి తెచ్చుకుందాంలే. అప్పుడన్నీ మనమే చూస్తాం" అన్నాడు.

తొట్టి ఇచ్చే రోజున దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ రజియా స్వయంగా వచ్చింది.

"లోపలుంటే పిల్లకి కలలొస్తాయా మేడం?" కరుణ అడిగింది.

"రావమ్మా. కల రావాలన్నా కాలం నడవాలి కదా."

"భయపడదుగా?"

"భయానికీ టైం ఉండదు. మూత పడడం, లేవడం, ఈ రెండే తనకి తెలుస్తాయి. షిఫ్టు అయిపోగానే దానంతటదే తెరుచుకుంటుంది. మీ ప్రమేయం అక్కర్లేదు."

నిజమే, మొదట్లో తొట్టి ఎవర్నీ అడిగేది కాదు. టైమవగానే తెరుచుకునేది. ఇబ్బంది అక్కడే వచ్చింది. బస్సు ఆలస్యమైన రోజున పిల్లలు ఖాళీ ఇంట్లో లేచి గుక్కపట్టేవాళ్ళు. తల్లిదండ్రులంతా కలిసి, తెరిచేముందు తొట్టి తమని అడగాలని అర్జీ పెట్టారు. రజియా ససేమిరా అంది. "అది అడగడం మొదలుపెడితే మీరు ఇంకాసేపు అంటారమ్మా. నాకు మనుషులు తెలుసు" అంది. అర్జీలో మొదటి సంతకం కరుణదే. చివరికి రజియా మాట నెగ్గలేదు.

ఇంకాసేపు అనడానికి కరుణకి ఎన్నాళ్ళో పట్టలేదు. వంట అయ్యేదాకా. తలనొప్పి తగ్గేదాకా. ప్రసన్నబాబుతో గొడవ పడిన రోజు, ఆ మొహంతో పిల్లకి ఎదురుపడటం ఇష్టంలేక మర్నాటి దాకా. ఇదంతా ప్రేమేనని నేను ఒట్టేసి చెప్పగలను. మంచి చీరని నలిగిపోతుందని పెట్టెలో దాచుకుంటామే, అలా కూతుర్ని మంచి రోజుల కోసం దాచుకుంది. దీవెన ఏడుపు లంకించుకున్నా సరే, "పడుకో నాన్నా, ఏడుపు అయిపోయాక లేపుతా" అని మూత వేసేది. లేచేసరికి ఎదురుగా ఇష్టమైన పాలకోవానో, కొత్త గౌనో ఉండేది. పిల్ల ఏడుపు మర్చిపోయేది.

పక్కింటి పద్మజ కూపన్లు తీసుకుంది. ఆమె కొడుకు నిహార్, దీవెన ఒకే నెలలో పుట్టారు. వాడికి రోజూ ఏదో ఒకటి, జలుబో, దెబ్బో, పేచీయో. "ఈ పరుగుతో చచ్చిపోతున్నా వదినా. నీ పనే హాయి" అనేది పద్మజ. కరుణకి ఆమెని చూస్తే జాలేసేది. తర్వాత నిహార్ బడికెళ్ళాడు. కాలేజీకెళ్ళాడు. దీవెన ఒంటికి మాత్రం ఇంకా బడి ఈడే రాలేదు. దీవెన లేచినప్పుడల్లా వరండాలోకి పరిగెత్తి వాడికోసం చూసేది. వాడు ఊరెళ్ళాడని చెప్పి కరుణ లోపలికి తీసుకొచ్చేది.

ప్రసన్నబాబు ఓ మధ్యాహ్నం పని దగ్గరే గుండె ఆగి పోయాడు. ఇంటినిండా జనం. చర్చి పాస్టరుగారు వచ్చి, "పాపని ఒక్కసారి లేపండమ్మా, తండ్రిని చూసుకుంటుంది" అన్నారు. తొట్టి కూడా అడిగింది. కరుణ "వద్దు" అంది. ఆ తర్వాత దీవెన ఎప్పుడు లేచినా "నాన్నేడి?" అనేది. షిఫ్టుకెళ్ళాడని చెప్పేది కరుణ. రెండోసారి అడిగేలోపు మూత వేసేది. లేపడం పండగలకి, పుట్టినరోజులకి పరిమితమైపోయింది. రిటైరయ్యాక నా రోజులన్నీ దానివే, అప్పుడన్నీ నిదానంగా చెబుతాను అనుకునేది. ఆ 'అప్పుడు' మీదే బతికింది.

రిటైరైన మర్నాడు పొద్దున్నే తొట్టి తీసేయమని ఫోన్ చేసింది. వచ్చిన టెక్నీషియన్ నిహార్. గడ్డం పెంచాడు, వేలికి పెళ్ళి ఉంగరం ఉంది.

"లేపేశాక కరెంటు తీసేస్తా అత్తా. మళ్ళీ పనిచెయ్యదు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించడం అయిపోయిందిరా. తియ్యి."

మూత లేచింది. దీవెన కూర్చుని ముందుపన్ను నాలికతో కదిపింది. అది కదలడం మొదలై బయట ఆరేళ్ళు దాటింది. తల్లి నెరిసిన జుట్టుని కాసేపు చూసింది. "నీకు జొరమొచ్చిందా అమ్మా?" అంది. నిహార్ వైపు తిరిగి, "ఈ అంకులెవరు? నిహారేడి?" అని అడిగింది. నిహార్ వంగి తీగలు విప్పుతూ ఉండిపోయాడు. తొట్టి మీది పచ్చదీపం ఆరిపోయింది.

"నాన్నేడి?"

కరుణ ఈసారి చెప్పింది. నాన్న చనిపోయాడని, మట్టిలో పెట్టి వచ్చామని, అది జరిగి చాలా ఏళ్ళయిందని చెప్పింది.

"నన్నెందుకు లేపలేదు?"

"ఏడుస్తావని."

దీవెన కళ్ళు నిండాయి. కరుణ చేతులు చాపింది. ఇన్నేళ్ళూ దాచుకున్నది ఈ క్షణం కోసమే అనిపించింది ఆమెకి, బిడ్డ తన భుజం మీద ఏడవడం కోసం. కానీ దీవెన ఆ చేతుల్లోకి రాలేదు. బుద్ధిగా వెనక్కి వాలి తొట్టిలో పడుకుంది. చేతులు పొట్టమీద పెట్టుకుంది. వాళ్ళింట్లో ఏడుపొస్తే ఏం చెయ్యాలో ఆ పిల్లకి బాగా తెలుసు.

"ఏడుపొస్తోందమ్మా. మూత వేసెయ్యి" అంది.

పిల్ల తనే చెయ్యి చాపి మూత కిందికి లాక్కుంది. నిహార్ లేవబోయి ఆగిపోయాడు. మూత సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంది, ప్రమాదం లేదు. ఇప్పుడది ఒట్టి పెట్టె.

కొంతసేపటికి మూత లోపలి నుంచి మెల్లగా లేచింది. దీవెన ఆశగా తల బయటపెట్టి చుట్టూ చూసింది. పాలకోవా లేదు. కొత్త గౌను లేదు. అదే గది, అదే పొద్దు, తొట్టి పక్కన నేలమీద కూలబడి ఏడుస్తున్న అదే తెల్లజుట్టు అమ్మ. తన బుగ్గలు తడుముకుంది. ఇంకా తడిగానే ఉన్నాయి.

"అమ్మా," అంది భయంగా, "ఇంకా అయిపోలేదేంటి?"