ఒక్క వన్నె తక్కువ

ఉదయం కాఫీ చల్లారిపోతున్నా టైలరు పెద్దాయన వెనకగదిలోంచి బయటికి రాలేదు. పన్నెండు రోజుల చిట్టెలుక పిల్లను అరచేతిలో పెట్టుకుని, పక్కన ఎర్రదారం ఉండ పట్టి చూస్తున్నాడు. ఇరవయ్యేళ్లుగా అదే కొలత. తన ఎలుకల ఎరుపు చూసి ఎదురింటి పిల్లి నిప్పనుకుని పరుగు తీసిందని చెప్పుకునేవాడు. పెంపుడు ఎలుకల పోటీల్లో వచ్చిన కప్పులు చూసి జనం నమ్మేవాళ్లు కూడా.

ఈ పిల్లలు మాత్రం వెలిసిన ఇటుక రంగులో ఉన్నాయి. కంటి ఆపరేషనయ్యాక దుమ్ములోకి పోవద్దన్నారని నెలన్నరగా ఆయన ఈ గడప తొక్కలేదు. ఎలుకల్ని కూతురే చూసింది.

"ఏమండీ, వాటితో ముచ్చట్లయ్యాక నాతో కూడా రెండు మాటలాడండి," అంది ఇంటావిడ.

ఆయన అక్కణ్ణుంచే, బస్సు డిపోలో డ్యూటీకి బయల్దేరుతున్న కూతుర్ని పిలిచాడు.

"పెట్టెలో ఉన్న మగది నాది కాదు. నాదేది?"

కూతురు సంచి కింద పెట్టింది. "చచ్చిపోయింది నాన్నా. మీ ఆపరేషన్ మర్నాడే. పెంపుడు జంతువుల అంగట్లో అలాంటి ఎర్రదే దొరికితే తెచ్చి కలిపాను."

"అలాంటిదేనా? ఎరుపునిచ్చే పెద్ద జన్యువు అంగడి ఎలుకలోనూ ఉంటుంది. ఎంత ఎరుపో తేల్చేవి చిన్న జన్యువులు. ఒక్కొక్కటి నూలుపోగంత. ఈత ఈతకూ ముదురు రంగు పిల్లల్నే ఏరి, ఆ పోగులన్నీ ఒకచోటికి తెచ్చాను. ఇప్పుడు సగం చెదిరిపోయాయి. ఆడవాటికి వయసైపోయింది, ఇదే ఆఖరి ఈత. ముందే చెప్పుంటే ఏదో దారి చూసేవాణ్ణి కదా. ఎందుకు దాచావు?"

"భయమేసింది."

"నీమీద ఎప్పుడైనా చెయ్యెత్తానా?"

"లేదు. పెద్దగా ఏమీ చెయ్యలేదు మీరు. మార్కులు తగ్గితే ఆ పూట మాట్లాడేవారు కాదు. గ్లాసు పగిలితే అమ్మవైపు చూసి నిట్టూర్చేవారు. 'అక్కయితే ఇలా చేసేది కాదు' అనేవారు. అన్నీ చిన్నవే, ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఇప్పుడు ఎలుక చచ్చిందని చెప్పడానికి కూడా నాకు నోరు పెగల్లేదు."

ఏ మాటకైనా ఠక్కున చమత్కారం విసిరే మనిషి, పీట మీద కూలబడ్డాడు. ఇంటావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఈ పెంపకమూ నాదేనన్నమాట," అన్నాడు చివరికి. "డిపోకు ఆలస్యమైందిగా, మేనేజరు తిడతాడేమో."

"ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆయనంటే భయం లేదు నాన్నా."

పెద్దాయన కళ్లు తుడుచుకుని పెట్టెను ఆమెవైపు జరిపాడు. "మళ్లీ మొదలెడదాం. ఉంచుకోవాల్సిన పిల్లను నువ్వే ఏరు."

"తప్పయితే?"

"అయితే అవుతుంది."

ఆమె ఆ గుంపులోకెల్లా వెలిసిపోయిన పిల్లను తీసి, తండ్రి మొహంలోకి చూసింది. నిట్టూర్పు ఆయన గొంతుదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగి, ఆ పిల్లకు కొత్త గడ్డి పరిచాడు.