మూత మీది బొట్టు

విజయదశమి. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. మంగళగిరి దగ్గరి క్యాన్సర్ పరిశోధనా కేంద్రంలో, గడ్డకట్టించే నైట్రోజన్ ట్యాంకులోంచి ఒక స్టీలు డబ్బా మాయమైనట్టు తెలిసింది.

అందులో నాలుగు చిన్న సంచీలు. సంచీల్లో, అక్కడే చికిత్సలో ఉన్న మాణిక్యమ్మ కణాలు. ఆమె నెత్తుట్లోంచే తీసి, క్యాన్సర్‌ని పట్టి చంపేలా ల్యాబ్‌లో తర్ఫీదిచ్చిన రోగనిరోధక కణాలు. సాయంత్రం ఆరింటికి తిరిగి ఆమెకే ఎక్కించాలి. వాటికి చోటివ్వడానికి ఆమె ఒంట్లో ఉన్న కాస్త రక్షణనీ మందులతో ముందే తుడిచేశారు. ఇప్పుడామెకి జలుబు చేసినా ప్రాణం మీదికే.

సీఐ రూతు నాలుగూ ఐదుకి జీపు దిగింది. పొద్దున ఆయుధపూజలో డ్రైవర్ పెట్టిన బొట్టు బానెట్ మీద ఇంకా ఎర్రగానే ఉంది.

గుమ్మంలోనే మాణిక్యమ్మ కూతురు రామతులసి ఆమె చేతులు పట్టేసుకుంది.

"మా అమ్మని బతికించండి మేడం! మగ్గం మీద చీర సగంలో ఉంది. వెళ్లి పూర్తి చెయ్యాలంటోంది."

రూతు కళ్లు వాచీ మీదికి వెళ్లాయి. ఎందరో దొంగల్ని చూసింది. గడియారాన్ని చూసి భయపడటం మాత్రం ఇదే మొదలు.

సెలవు కాబట్టి లోపల ముగ్గురే. ల్యాబ్ హెడ్ డాక్టర్ జయంత్. మందు రోగి ఒంట్లో ఎలా పనిచేస్తుందో కంప్యూటర్ మోడల్‌లో లెక్కగట్టే సుస్మిత. అటెండర్ జక్కయ్య.

"ట్యాంకు ఎవరు తెరిచారు?"

"నేనే, మూడూ పదికి," అన్నాడు జయంత్. "నైట్రోజన్ పొగ తప్ప ఏమీ లేదు."

"అంతకుముందు?"

"నేనండీ," అంది సుస్మిత. "పదకొండున్నరకి మూత తీసి చూశాను. డబ్బా ఉంది. ఆ తర్వాత ఇక్కడ జక్కయ్య గారొక్కరే ఉన్నారు."

జక్కయ్య ముందుకొచ్చాడు. "ఓరి నాయనో, నా మీదికా! తొమ్మిదింటికి పూజ చేసి అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టానండీ. పూజ చేసింది ఊరికే ముడతామా? ఆ మూతకీ ట్యాంకుకీ కలిపి ఇంత బొట్టు పెట్టాను. సారు లాగితే పెచ్చులూడిపోయింది."

ఐదు కావస్తోంది. అల్మరాలు వెతికారు. చెత్తబుట్టలు వెతికారు. లేదు. బయట రామతులసి ఏడుపు వినపడుతోంది.

రూతు ట్యాంకు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. మూత మీద సగం బొట్టు. ట్యాంకు మీద సగం. నేల మీద ఎండిన గంధం పెచ్చులు.

"డాక్టర్ గారూ, మీరు తీసేముందు బొట్టు ఎలా ఉంది?"

"నిండుగా ఉంది. చెరపడానికి ఓ క్షణం చెయ్యాడలేదు కూడా."

రూతు లేచింది.

"తొమ్మిది నుంచి మూడూ పది దాకా ఈ మూత ఎవరూ ఎత్తలేదు. ఎత్తుంటే గంధం అప్పుడే పగిలేది. డబ్బా పూజకి ముందే పోయింది. మరి పదకొండున్నరకి నువ్వేం చూశావు సుస్మితా?"

సుస్మిత పక్కగది తలుపు వైపు చూపించింది.

"పొద్దున పూజకి ముందే పక్కగది ట్యాంకులోకి మార్చానండీ. చెడిపోలేదు. ఆవిడ రక్తం లెక్కలన్నీ మోడల్‌లో నడిపించాను. నాలుగు సంచీలూ ఒకేసారి ఎక్కిస్తే ఒంట్లో తుఫానే. గుండె ఆగిపోతుంది. నాకు భయమేసింది."

"నాకు చెప్పొచ్చుగా!" అరిచాడు జయంత్.

"మూడుసార్లు చెప్పాను సార్. పండగయ్యాక చూద్దామన్నారు."

 జయంత్ కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క మళ్లీ చూశాడు. పది నిమిషాలకి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఈ పూటకి ఒక్క సంచీయే," అన్నాడు.

"నీ లెక్క నిజమే," అంది రూతు సుస్మితతో. "కానీ నీ భయం తెచ్చి జక్కయ్య మెడకి చుట్టావు. కేసు రాయక తప్పదు."

ఆరూ ఇరవైకి మొదటి చుక్క మాణిక్యమ్మ ఒంట్లోకి దిగింది. తెల్లారేదాకా ఏమీ చెప్పలేమన్నారు.

ల్యాబ్‌లో మిగిలిన మూడు సంచీలూ ట్యాంకులో పెట్టి మూత వేశారు. జక్కయ్య కుంకుమ భరిణె పట్టుకుని రూతు వంక చూశాడు.

"మళ్లీ పెట్టనా అమ్మా?"

"పెట్టు. రెండిటికీ కలిపే పెట్టు."

పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ బొట్టు పెట్టుకోని రూతు, ఆ గంధం ఆరేదాకా అక్కడే నిలబడింది.