రెండో పాట తర్వాత

టాంపెరే ఊళ్లో మా పేట పార్కు పెద్దదేం కాదు. నాలుగు బెంచీలు, చిన్న స్టేజీ, దాని ముందు డాన్సుకని పరిచిన చెక్క నేల. వేసవిలో ప్రతి బుధవారం సాయంత్రం పేటంతా అక్కడే. కాఫీ, యాలకుల బన్నులు, స్టేజీ మీద ఐరా ఫిడేలు, నా అకార్డియన్. ఈ ఉత్తర దేశంలో వేసవిలో రాత్రి పదయినా పొద్దు గుంకదు కనక భయమన్న మాటే ఎవరికీ తట్టదు.

మాకో పద్ధతుంది. డాన్సుకి ఒక వంతు మగవాళ్లు పిలుస్తారు, ఒక వంతు ఆడవాళ్లు; ఎవరు పిలిచినా కాదనకూడదు. వరసగా రెండు పాటలు కలిసి చెయ్యాలి. తర్వాత మగవాడు తనతో ఆడినావిడని ఆవిడ చోట దిగబెట్టాలి. మా ఆయన ఔలిస్‌కి ఈ మర్యాదలంటే ప్రాణం. నాకు ఒళ్లు మంట.

ఆ బుధవారం ఆడవాళ్లు పిలిచే వంతు రాగానే, ఏళ్లుగా పార్కు కంచె దగ్గర ఊరికే నిలబడే బూడిదరంగు గౌను మనిషి నేరుగా ఔలిస్ దగ్గరికి వచ్చింది.

మొదటి పాట సగంలో వాసన తగిలింది... నీళ్లడుగున కుళ్లిన ఆకుల వాసన. చెక్క మీద అందరి అడుగులూ వినిపిస్తున్నాయి, ఆవిడవి తప్ప. జూలై నెలలో ఔలిస్ నోట్లోంచి ఆవిరి వస్తోంది.

పాట ఆగగానే స్టేజీ మీంచి వంగాను. "ఇక చాలు ఔలిస్, వచ్చెయ్."

"ఈవిడ చేతులు మంచుగడ్డలే, హిల్కా," అన్నాడు గొంతు తగ్గించి. "అయినా ఇంకో పాట ఉందిగా. మధ్యలో వదిలేస్తే ఆవిడేమనుకుంటుంది?"

ఆవిడేమనుకుంటుందో కావాలి, నేనేమనుకుంటానో అక్కర్లేదు. కోపంకొద్దీ రెండో పాట హడావిడిగా ముగించేశాను. ఔలిస్ ఆవిడని కంచె దాకా నడిపించుకెళ్లాడు. చెట్ల వెనక్కి వెళ్లారు... మళ్లీ రాలేదు.

కంచె పొడుగునా వెతికాను. అటు గేటు కూడా లేదు. ఆవిడెవరని అడిగితే, మీ చుట్టమనుకున్నానంది ఐరా. ఇన్నేళ్లలో పేరైనా అడగలేదా అంటే, అడిగితే బాగుండదు కదా అన్నారందరూ. పోలీసులకి కావలసిందీ ఆ పేరే. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మరుసటి బుధవారం కంచె దగ్గర ఔలిస్ నిలబడి ఉన్నాడు. ఒంటరిగా. అదే చొక్కా.

ఎంత పిలిచినా కదల్లేదు. అప్పుడు తట్టింది. పద్ధతిగా డాన్సుకి పిలిస్తే కాదనలేడు. రెండు పాటలయ్యాక నన్ను నా చోటికి, ఈ స్టేజీ దగ్గరికి తీసుకురావాల్సిందే. ఐరాని ఒక్కదాన్నే వాయించమని చెప్పి, ఆడవాళ్ల వంతని ప్రకటించి, వెళ్లి అతన్ని డాన్సుకి పిలిచాను.

వచ్చాడు. చేతులు మంచు. అదే వాసన. అయినా వదల్లేదు. నా మొగుడు నాకు కావాలి.

రెండో పాట ఆగింది. ఔలిస్ తల వంచి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పదండి," అన్నాడు. "మిమ్మల్ని మీ చోట దిగబెడతాను."

కంచె వైపు తిరిగాడు.

"అది కాదు... నా చోటు అది కాదు..." అరిచాననుకున్నాను. గుసగుసే వచ్చింది.

చెక్క నేల దాటుతున్నాం. నా అడుగులు నాకే వినిపించడం లేదు. మా పేటవాళ్లంతా మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చారు. ఒక్కరూ ఏమీ అడగలేదు.