గీరిన రిమ్ము

"ఈ లివర్ ఎవరు ముట్టుకున్నారు?"

ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే. నమస్కారం లేదు, గిమస్కారం లేదు. వానలో తడుస్తూ వచ్చి, షాపు మధ్యలో నిలబడి, తన సైకిల్ బ్రేకు లివర్‌ని చూపిస్తూ నా మొహంలోకి గుచ్చి చూసింది.

"నేనేనండీ. హ్యాండిల్‌కి మరీ దగ్గరగా ఉంటే సరిచేశాను."

"వెనక వీలు రిమ్ము వంకరపోయింది, కొత్తది వెయ్యమని మీ ఓనర్‌కి చెప్పి వెళ్ళాను. బ్రేకు చూడమన్నానా?"

"తప్పుగా ఉంటే చూస్తూ ఊరుకోవాలా? నా పని నేను చేశాను."

"మీ పని వీలు. వీలు చూసుకోండి, చాలు."

"నా వీలు చూసుకునే చేశానండీ."

నవ్వు రాబోయింది గానీ ఆపేసుకుంది. ఎడమచేత్తో అల్లెన్ కీ తీసుకుని, బోల్టు వదులుచేసి, లివర్‌ని మళ్ళీ హ్యాండిల్ దగ్గరికి తెచ్చుకుంది. అంత కోపంగా ఉన్న మనిషి అంత బాగుండకూడదు. పని చెడుతుంది.

ఆమెది ట్రయల్స్ సైకిల్. సీటు పేరుకే ఉంటుంది, దానిమీద కూర్చునే వాళ్ళెవరూ లేరు. మెట్లు, గోడలు, బెంచీలు ఎక్కించడానికే ఆ సైకిల్. వెనక బ్రేకు బిగబట్టి, వెనక చక్రం ఒక్కదాని మీద నిలబడి, అక్కడినుంచి గెంతాలి. ఆ బ్రేకు పట్టుకునేది రిమ్మునే. కాబట్టి రిమ్ము సరిగ్గా లేకపోతే మనిషి నేలమీద ఉంటుంది.

రెండు రిమ్ములు తీసి బల్లమీద పెట్టాను. ఒకటి నల్లది, చుట్టూ పెద్ద పెద్ద చిల్లులతో చాలా తేలిక. రెండోది వెండిరంగుది, మందం, బరువు. ఇలాంటి సైకిల్ తొక్కేవాళ్ళు నల్లదాని మీదే చెయ్యి వేస్తారు. ఈవిడ రెండింటి అంచుల్నీ గోటితో నొక్కి చూసింది.

"దీన్ని ఎంత గీరొచ్చు?"

బ్రేకు రబ్బరు కట్టలు జారకుండా రిమ్ము పక్కల్ని గ్రైండర్‌తో గరుగ్గా గీరుతాం. ఆమె అడిగింది ఆ సంగతి.

"నల్లదాన్నయితే పైపైన. వెండిరంగుది గట్టిగా గీరొచ్చు, కానీ అంత బరువు మీరు లేపలేరు."

"లేపడం నా సంగతి. లివర్ ఇలా తాకగానే చక్రం ఆగిపోవాలి. అంత గీరండి."

"అంత గీరితే బ్రేకు వేసినప్పుడల్లా వీధంతా వినబడుతుంది. రిమ్ము కూడా తొందరగా పోతుంది."

"పోనివ్వండి."

వట్టి పొగరు అనుకున్నాను. ఆ పొగరు కోసమే పని సాగదీశాను కూడా. స్పోకులు రాలేదన్నాను, గ్రైండర్ పాడైందన్నాను. ఆమె రోజూ సాయంత్రం వచ్చి స్టూలు లాక్కుని కూర్చునేది. వచ్చేసరికి లివర్ నేను అనుకున్న చోట ఉండేది. వెళ్ళేసరికి ఆమె అనుకున్న చోటికి వచ్చేది.

"మీకు చేతులు దురదా?"

"మీకు మొండితనమా?"

"పుట్టుకతో వచ్చింది. మీది మందు రాస్తే తగ్గుతుంది."

ఇలా వాదులాడుకోవడానికే పొద్దంతా ఎదురుచూస్తున్నానని ఒకరోజు నాకు తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నమే వాళ్ళ నాన్న వచ్చాడు. బస్సు డ్రైవర్, యూనిఫాంలోనే ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బాబూ, మా అమ్మాయి సైకిలుకి ఆ చక్రం బిగించకు."

"ఏమైందండీ?"

"దాని కుడిచెయ్యి పోతోంది. నరాల జబ్బు. ముందు వేళ్ళు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత రెండోది కూడానట. మందు లేదన్నారు." గుమ్మం పట్టుకున్నాడు. "రిమ్ము దొరకలేదని చెప్పు. బండి మూలపడితే తనే ఊరుకుంటుంది. కింద పడితే చూడలేను బాబూ."

ఆయన వెళ్ళాక సైకిల్ వైపు చూశాను. కుడివైపున్న ఆ లివర్‌ని ఆ పొద్దున కూడా దూరం జరిపే ఉంచాను. వేలు అంత దూరం చాచి నొక్కే సత్తువ లేకే ఆమె దగ్గరికి తెచ్చుకుంటోంది. నేను దిద్దుతున్నాననుకుని రోజూ ఆమెకి అందకుండా చేస్తూ వచ్చాను. నామీద నాకే అసహ్యం వేసింది.

వెండిరంగు రిమ్ము తీశాను. చెవులు గింగురుమనేదాకా గీరాను. స్పోకులు బిగించి, చక్రం ఎక్కించి, లివర్‌ని ఆమె పెట్టుకునే దానికన్నా ఇంకాస్త దగ్గరికి జరిపాను.

సాయంత్రం వచ్చీ రాగానే ఆమె చూసింది లివర్‌నే. మొహం వాడిపోయింది.

"నాన్న వచ్చారా?"

"వచ్చారు."

"అయితే ఇది జాలా?"

"జాలైతే మీ నాన్నగారి మాట వినేవాణ్ణి."

ఆమె సైకిల్ తీసుకుని షాపు వెనక ఉన్న పిట్టగోడ దగ్గరికి నడిచింది. కూతుర్ని వెతుక్కుంటూ వాళ్ళ నాన్న కూడా అక్కడికే వచ్చాడు. నావైపు ఒక చూపు చూశాడు.

ఆమె గోడమీదికి లేపింది. బ్రేకు కీచుమంది. చక్రం అంచుమీద ఆగింది, ఆమె నిలబడింది. దిగి మళ్ళీ ఎక్కించింది. ఈసారి వేలు పట్టు తప్పింది. మోచెయ్యి గోడకి గీసుకుని కింద పడింది.

"నాన్నా, అక్కడే ఉండు," అంది లేస్తూ.

ఆయన ఉండిపోయాడు. ఆమె మూడోసారి ఎక్కించి, నిలబడి, చక్కగా దిగింది.

"ఈ రిమ్ము ఎన్నాళ్ళుంటుంది?" ఆయన నన్ను మెల్లగా అడిగాడు.

"గీరినది కదండీ. మహా అయితే రెండేళ్ళు."

"దాని చేతికీ అంతే చెప్పారు." కూతురి వైపే చూస్తున్నాడు. "అప్పటిదాకా నువ్వే చూడు బాబూ. ఇంకొకళ్ళ చేతిలో పెట్టకు."

డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు. ఆమె గోడమీద కూర్చుంది. నేను తడిగుడ్డతో మోచేతి మీద నెత్తురు తుడుస్తున్నాను.

"నాన్న అన్నది వినబడింది. అప్పటిదాకా సరే. ఆ తర్వాత?"

"ఆ తర్వాత కూడా మీ దగ్గరే ఉండాలనుంది. మీకిష్టమైతే."

"ఆలోచించి మాట్లాడండి. అన్నం కూడా ఎవరో ఒకరు తినిపించాలి."

"ఆలోచించాను."

"ఎప్పుడు?"

"రిమ్ము గీరుతున్నప్పుడు."

"ఆ చప్పుడులోనా?" నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. చివరికి కుడిచెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది.

చల్లగా, తేలిగ్గా ఉంది. ఇంకా సందేహిస్తోందేమో అనుకున్నాను.

"గట్టిగా పట్టుకోండి," అన్నాను.

"గట్టిగానే పట్టుకున్నాను," అంది. "నీకు తెలియట్లేదంతే."