రెండు సెకన్ల గోడ

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి బావ నిలబడే ఉన్నాడు. వెనక అద్దానికి ఆనుకుని, చేతిలో ఆఫీసు బ్యాగుతో, ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త పక్కకు ఒరిగి ఉన్నాడు.

"దిగవేం బావా?" అన్నాడు మౌని.

అన్న తర్వాత చూశాడు. బావ మెడ మీద ఆవగింజంత ఎర్రచుక్క. సూది గుచ్చిన గుర్తు. టైము సాయంత్రం నాలుగూ పది.

ఇది నాలుగు రోజుల కిందటి మాట. బావ అంటే అక్క మొగుడు. గూఢచారి డిపార్ట్‌మెంటులో పదేళ్లుగా మౌనికి జోడీ ఏజెంటు కూడా. ప్రాణం పోయింది బావది. తప్పు మౌనిది. అలాగని ఎవరూ అనలేదు. అక్క కూడా అనలేదు. రోజూ ఫోన్ చేసి, "ఏరా, తిన్నావా?" అని మాత్రం అడుగుతోంది. తిన్నానంటున్నాడు. తిన్నాడో లేదో అతనికే గుర్తుండటం లేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు, నిద్ర మాత్రం వేళకే వస్తోంది. అదొక్కటే అతనికి సిగ్గుగా ఉంది.

ఈరోజు మధ్యాహ్నం ఒంటిగంటకు డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్ దగ్గర నల్లకళ్లద్దాల ఆవిడ ఒక పొడుగు కోటు దబ్బున పడేసింది. ఆవిడ వెనకే ఖరీదైన సెంటు వాసన లోపలికి వచ్చి, ఇస్త్రీ ఆవిరిని పక్కకు నెట్టేసింది.

"ఈ మరక పోతుందా?"

"ఏం మరక?" అన్నాడు మౌని. షాపువాడి ఏప్రాన్, అతికించిన మీసం, చెవి మీద పెన్సిలు.

"దానిమ్మరసం."

"పోదు. రంగు మారుస్తాం."

కోడ్ సరిపోయింది. ఆవిడ పేరు సంపెంగ. విదేశీ ముఠా దగ్గర జీతం తీసుకుంటూ మౌని డిపార్ట్‌మెంటుకు పనిచేసే డబుల్ ఏజెంటు. నవ్వితే ఎదుటివాళ్లు అడగబోయింది మరిచిపోయేలా ఉంటుంది. మౌని మరిచిపోలేదు. అతనికి అడగాలని ఏమీ లేదు.

"ఈరోజు నాలుగింటికి," అంది కోటు గుండీలు చూపిస్తున్నట్టు వంగి. "కంప్యూటర్లో అదే ఆట, అదే గోదాము, అదే గోడ. ఎన్ని కాల్చాలో ఆ అంకె నాక్కూడా ఆ నిమిషంలోనే ఇస్తారు, చెవిలో. పక్కన ముఠా మనిషి ఉంటాడు. ముందే చెప్పేద్దామన్నా నా దగ్గర ఉండదు."

"ఊఁ."

"గోడ మీద తూటా గుర్తులు రెండు సెకన్లు ఉంటాయి. మొన్న నువ్వు నా ఎదురుగానే నిలబడ్డావు. ఎందుకు చూడలేదు?"

"స్క్రీను ఆగిపోయింది."

సంపెంగ కళ్లద్దాలు కాస్త దించింది. "ఆ రెండు గుర్తులూ కాల్చింది నేనే. నా మీద కోపం రాలేదా?"

"రావాలి," అన్నాడు మౌని. రసీదు చింపి ఇచ్చాడు.

షాపు వెనక, ప్లాస్టిక్ కవర్లలో వేలాడుతున్న కోట్ల మధ్య నిలబడి పెద్దాయన బ్రీఫింగ్ ఇచ్చాడు. డిపార్ట్‌మెంటు చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. ఆయనకు మాటలు ఖర్చు పెట్టే అలవాటు లేదు.

"ముఠా కేసు మీద మనవాళ్లు ఆరుగురు. ఆ జాబితా వాళ్ల చేతిలో పడింది. ఒక్కొక్కరినీ తీసేస్తే మిగతావాళ్లు బెదిరి కేసు వదిలేస్తారని వాళ్ల లెక్క."

"తెలుసు సార్."

"నువ్వు ఒకటి. మీ బావ రెండు. ఆరుగురి వెనకా ఆరుగురు హంతకులు కాచుకుని ఉన్నారు. ముఖాలు మనకు తెలీవు. అందరూ ఫోన్లలో ఆ ఆటే చూస్తుంటారు. గోడ మీద ఎన్ని గుర్తులు పడితే, ఆ నంబరు వెనక ఉన్నవాడు మాత్రమే కదులుతాడు. గుర్తులు మనమూ చూస్తే వాణ్ణి పట్టుకుంటాం. చూడకపోతే..."

"ఇంకో లిఫ్టు."

పెద్దాయన ఒక క్షణం అతని ముఖంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. "వేరే కంప్యూటర్ వాడదామంటే కుదరదు. ఆ ఆన్‌లైన్ ఆటగదిలోకి సంపెంగ ముందే నమోదు చేయించిన మెషీను తప్ప మనది ఇంకోటి అడుగుపెట్టలేదు. దాని ప్రాసెసర్ పాతబడిందని కొత్తది వేయించాం. వేయించిన మర్నాడే మీ బావ పోయాడు. దీని సంగతేంటో తేల్చడానికి ఒకమ్మాయి వస్తోంది. జాబితాలో ఆరో పేరు తనదే. ముఠావాళ్ల హార్డ్‌డిస్కులు తెరిచింది తనే మరి. ఆ సంగతి తనకు తెలీదు. తెలియనివ్వకు."

టెక్నీషియన్ రెండుంబావుకు షాపు పైగదికి మెట్లెక్కి వచ్చింది, రెండేసి మెట్ల చొప్పున. పెళ్లయి మూడు వారాలు. ఆ సంగతి గదిలోకి వచ్చిన రెండో నిమిషంలోనే చెప్పేసింది.

"మావారు నాలుగింటికి కింద షాపు దగ్గరికి వస్తానన్నారు సార్. పైన ఏముందో చెప్పలేదు, ఒట్టు! కోటు ఇచ్చానని చెప్పా. ఇద్దరం కర్టెన్లు కొనడానికి వెళ్లాలి. నీలమా, పసుపా అని పొద్దుట్నుంచీ పోట్లాట." సంచీలోంచి స్క్రూడ్రైవర్లు తీసి బల్ల మీద పొడుగు వరసలో పేర్చింది. ఎండ వాటి పిడుల మీద పడి మెరిస్తే, అదేదో పండగలా మురిసిపోయింది. "భలే ఉన్నాయి కదా?"

"పని చూడమ్మా," అన్నాడు మౌని.

ఆట తెరిచారు. స్క్రీను మూలన ఎఫ్‌పీఎస్ అంకె. సెకనుకు ఎన్ని ఫ్రేములు కదులుతున్నాయో అది చెబుతుంది. మొదట అరవై. నాలుగు నిమిషాలకు పంతొమ్మిది. తర్వాత స్క్రీను మొత్తం బిగుసుకుపోయింది. ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఆనక గోదాము ఉలిక్కిపడి కదిలింది.

మొన్న కూడా అంతే. గోడ ఖాళీ. బిగుసుకుపోవడం. మళ్లీ గోడ ఖాళీ. ఆ మధ్యలో ఉన్నవి బావ తాలూకు రెండు చుక్కలు.

"కొత్త ప్రాసెసర్ వేశాక పాతదానికంటే అధ్వాన్నమా!" టెక్నీషియన్ తన మీద ఇల్లు విరిగిపడ్డట్టు తల పట్టుకుంది. "సరే సార్, ఒక్కోటే చూద్దాం. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు."

పవర్ సెట్టింగు చూసింది. 'పొదుపు' మీద ఉంది.

"ఇదేంటి?"

"సర్క్యులర్ వచ్చింది. అన్ని కంప్యూటర్లూ పొదుపుగా నడవాలట."

మార్చింది. కొత్త ప్రాసెసర్‌కి సరిపడే చిప్‌సెట్ డ్రైవర్ ప్రోగ్రాం వేసింది. పంతొమ్మిది ఇరవైనాలుగైంది. వెనకాల ఏమేం నడుస్తున్నాయో చూసింది. ఈ మెషీను మీద నిఘా పెట్టిన ప్రోగ్రాములు మూడు.

"ముఠావాళ్లవా సార్?"

"మనవే. ఒకటి మా సెక్షన్‌ది. ఒకటి మా సెక్షన్ మీద కన్నేసిన సెక్షన్‌ది. మూడోది ఎవరిదో ఎవరికీ తెలీదు."

మూడూ ఆపింది. ముప్పై ఒకటి. అప్పటికి టైము మూడుంబావు. ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, తిన్నావా?"

"తిన్నానక్కా."

"ఏం తిన్నావు?"

మౌని బల్ల మీది స్క్రూడ్రైవర్ల వరస చూశాడు. అవతల అక్క "సరేలే," అని పెట్టేసింది.

టెక్నీషియన్ వినలేదన్నట్టు కీబోర్డు దుమ్ము తుడిచింది. అంతలోనే ఉండబట్టలేక అడిగింది. "సార్, ఈ జాబితా, జాబితా అని ఆఫీసులో గుసగుసలాడుతున్నారు. అందులో నేను లేను కదా?"

"లేవు," అన్నాడు మౌని. అబద్ధం చెప్పినా నిజం చెప్పినా అతని గొంతు ఒకేలా ఉంటుంది.

"హమ్మయ్య." నిజంగానే హాయిగా ఊపిరి పీల్చుకుని, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, దాని అసలు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లింది. "ప్రాసెసర్ మారిస్తే ర్యామ్ స్పీడు దానంతటదే కిందికి పడిపోతుంది సార్. చూశారా? సగానికి సగం నడుస్తోంది." సరిచేసి సేవ్ నొక్కబోతూ ఆగింది. స్క్రీను పైమూలన ఎర్రగా ఒక అంకె. తొంభయ్యారు డిగ్రీలు.

"ఇంత వేడా? ఏ పనీ చేయకుండానే! వేడి కొలిచే ప్రోగ్రాం వేద్దామంటే మీ డిపార్ట్‌మెంటు నిషేధించింది, లేకపోతే ఎప్పుడో తెలిసేది." పక్క పలక ఊడదీసి, ప్రాసెసర్ మీద కూర్చున్న కూలర్ రెక్కల మీద చెయ్యి పెట్టింది. ఇంకో చెయ్యీ పెట్టింది.

"సార్, చల్లగా ఉంది."

"మంచిదేగా."

"మంచిది కాదు సార్! కింద మండిపోతుంటే ఇది కాలిపోవాలి. లోపలి వేడి దీనికి అందట్లేదు. మధ్యలో ఏదో అడ్డం ఉంది. తట్టుకోలేక ప్రాసెసర్ తనంతట తానే పని తగ్గించుకుంటోంది. బయట చెయ్యేసి చూస్తే ఏం తెలుస్తుంది? చల్లగా, బుద్ధిగా ఉంది."

మౌని తన చెయ్యి కూడా కూలర్ మీద పెట్టాడు. కాసేపు తియ్యలేదు.

మూడూ ముప్పయ్యెనిమిదికి కూలర్ ఊడి వచ్చింది. దాని అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. బిగించే ముందు తీసేయవలసిన పొర. దాని మీద డిపార్ట్‌మెంటు గుండ్రటి ముద్ర, అడ్డంగా ఒక సంతకం.

మౌని స్టోర్‌కీపర్‌కి ఫోన్ చేశాడు.

"ప్రాసెసర్ బిగించింది నువ్వేనా?"

"నేనే సార్. ఏమైనా తేడా వచ్చిందా?"

"కూలర్ కింద ప్లాస్టిక్ తీయలేదేం?"

"అమ్మో, అదెలా తీస్తాం సార్? స్టోర్‌లోకి వచ్చిన ప్రతి వస్తువుకీ సీలేస్తాం కదా. ముద్ర సరిగ్గా ఆ పొర మీద పడింది. సీలు తీయాలంటే ఫారం పదకొండు నింపాలి, ఇద్దరు ఆఫీసర్లు సంతకం పెట్టాలి. ఇద్దరిలో ఒకాయన సెలవులో ఉన్నారు. పని ఆగకూడదని సీలుతోనే జాగ్రత్తగా బిగించాను సార్. చెక్కుచెదరలేదు కదా?"

బావ ప్రాణం తీసింది ఇది. ముఠా కాదు, సంపెంగ కాదు, చివరికి మౌని కళ్లు కూడా కాదు. పని ఆగకూడదనుకున్న ఒక మంచివాడి జాగ్రత్త. మౌని ఫోన్ పెట్టేశాడు. లోపల ఎక్కడో ఏదో కదలాలి. కదల్లేదు.

టెక్నీషియన్ గోటితో ఒక మూల లేపింది. పొర ఒక్క లాగుకి చర్రుమంటూ ఊడి వచ్చింది. ఆ చప్పుడుకి ఆమె చిన్నపిల్లలా నవ్వేసింది. "ఇలా లాగడంలో ఎంత సుఖముందో సార్!" తర్వాత స్పిరిట్‌తో తుడిచి, సిరంజిలోంచి వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్టు బఠాణీ గింజంత పెట్టి, కూలర్ బిగించింది. నాలుగు స్క్రూలు, ఐమూలగా, కొంచెం కొంచెంగా.

మూడూ యాభైనాలుగు. ఆన్. నలభై డిగ్రీలు. ఆట తెరిస్తే నూట నలభై ఫ్రేములు. నాలుగు నిమిషాలైనా నూట నలభయ్యే. గోదాములో ఎండ కిరణంలో తేలే ధూళి కూడా కనిపిస్తోంది. ఈ ఆటలో ధూళి ఉందని మౌనికి ఇప్పుడే తెలిసింది.

నాలుగు. సంపెంగ ఆడే పాత్ర, ఎర్రజాకెట్టు వేసుకుని, గోడ ముందుకు వచ్చి తుపాకీ ఎత్తింది.

ఒక్కటి పడితే బాగుండు, అనుకున్నాడు మౌని. ఒకటో నంబరు తనది. ఆ ఆలోచనకు భయం లేదు, బరువు లేదు. కిటికీ మూయాలి అనుకున్నంత మామూలుగా వచ్చింది.

అప్పుడే తలుపు అవతల ఎవరో వచ్చి ఆగిన చప్పుడు.

"ఆయనే!" టెక్నీషియన్ జుట్టు సర్దుకుంటూ లేచింది. "పైకే వచ్చేశారు, చూడండి, ఆగలేరు కదా. ఒక్క నిమిషం సార్, కిందికి పంపేస్తా."

గోడ మీద చుక్కలు పడ్డాయి. పైన మూడు, కింద మూడు. వేలితో తాకి లెక్కపెట్టుకునేంత స్పష్టంగా.

ఆరు.

"తెరవకు!"

ఆమె చెయ్యి అప్పటికే గడియ లాగేసింది. తలుపు సందులోంచి ఒక కోటు చేయి లోపలికి వచ్చింది, వేళ్ల మధ్య పెన్ను, పెన్ను కొసన సన్నని సూది. ఆమె మెడకి జానెడు దూరం. మౌని కుర్చీతో సహా ఎగిరి తలుపు మీద పడ్డాడు. తన చెయ్యి కూడా సందులోనే ఉందని చూసుకోలేదు. రెండు చేతులూ ఒకేసారి నలిగాయి. పెన్ను నేల మీద పడి దొర్లింది. అవతలి నుంచి కేక. మెట్ల మీద పరుగున వస్తున్న పెద్దాయన మనుషుల బూట్ల చప్పుడు.

"వాడు నోరు విప్పుతాడు," అన్నాడు పెద్దాయన, బేడీలు పడ్డాక. "మిగతా ఐదుగురి పేర్లూ రాత్రిలోగా వచ్చేస్తాయి."

టెక్నీషియన్ నేల మీద కూలబడిపోయింది. మెడ తడుముకుంటోంది, అక్కడ ఏమీ లేకపోయినా. "లేనన్నారు కదా సార్," అంది.

"అబద్ధం చెప్పానమ్మా."

ఆమె అతన్ని తిట్టబోయి అతని చెయ్యి చూసింది. వేళ్లు వాచి నల్లబడుతున్నాయి.

"నొప్పిగా ఉందా?"

మౌని వేళ్లు మడవబోయాడు. నొప్పి మోచేతి దాకా పాకింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆ నీళ్లు ఆగలేదు. అవి చేతి కోసం కాదని కాసేపటికి ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలిసింది. కింద షాపులోంచి ఒక మగగొంతు, అమాయకంగా, "మా ఆవిడ ఇచ్చిన కోటు రెడీనా అండీ?" అని అడుగుతోంది. ఆమె ఒక్క ఉదుటున లేచి మెట్ల వైపు పరిగెత్తింది.

పెద్దాయన స్క్రీను ముందు వంగి, కళ్లజోడు సర్దుకున్నాడు. అందరూ వదిలేసిన ఆట దానంతటది నడుస్తూనే ఉంది, ఒక్క ఫ్రేమూ తడబడకుండా. మూలన స్కోరు ఉంది. ఈ కాసేపట్లో ఆటలో మౌని పద్నాలుగుసార్లు చచ్చాడు. అందులో తొమ్మిదిసార్లు చంపింది సంపెంగే, తన పక్కనున్న ముఠా మనిషికి అనుమానం రాకూడదని.