ముందు నోరిప్పేదెవరు

"సాయంత్రం ఐదింటికి పులివెందుల లాడ్జిలో ప్రియదర్శిని ముఠా నాయకుణ్ణి కలుస్తుంది. కోడ్ చెప్పలేకపోతే అక్కడే చంపేస్తారు. ఆ కోడ్ నువ్వే రాబట్టాలి," అన్నాడు ఢిల్లీ నుంచి చీఫ్.

ఏజెంట్ అన్సర్ సరేనన్నాడు. ఆ మాట అనడం ఎప్పుడో అలవాటైపోయింది.

రాడార్ డ్రాయింగులు దేశం దాటిస్తున్న విదేశీ ముఠా అది. ప్రియదర్శిని వాళ్ల మనిషిగా తిరిగే మన డబుల్ ఏజెంట్. దుబాయ్ నగల వ్యాపారి వేషం, ఖరీదైన సెంటు, చెవికమ్మలో రిసీవర్, మైకు. ముఠా కొత్త కోడ్‌ను రెండు ముక్కలు చేసి, ఆమెకు చేర్చమని మొదటిది దావూద్‌కి, రెండోది నారాయణకి ఇచ్చింది. కొరియర్లిద్దరిదీ పెద్దముడియం పక్క ఒకే ఊరు. పొద్దున్నే దావూద్ ప్రొద్దుటూరులో, నారాయణ జమ్మలమడుగులో పోలీసులకు దొరికిపోయారు.

చీఫ్ ప్లాన్ ట్రైనింగ్‌లో నేర్పే గేమ్ థియరీయే. "విడివిడిగా ఉంచు. ముందు చెప్పినవాడికి విడుదల, రెండోవాడికి జైలు. అవతలివాడు చెప్పేస్తాడన్న భయంతో ఇద్దరూ పరుగెత్తుకొస్తారు."

దావూద్ పరుగెత్తలేదు.

"నారాయణ మామ చెప్పినాడా?"

"చెప్పాడు."

"ఏం చెప్పినాడో చెప్పు సార్, చూద్దాం."

అన్సర్ చేతిలో ఫైలు తిరగేశాడు.

"శానా అలిసిపోయినావు సార్. అబద్ధం గూడా సక్కంగా రాలే."

జమ్మలమడుగులో నారాయణదీ అదే పాట. "వాడు చెప్పినాక చెప్తా. జైలు ఎప్పుడో ఒగనాటికి అయిపోతాది. ముందు నేను చెప్పినానని తెలిస్తే ఊర్లో నా బిడ్డలకు నీళ్లు గూడా పుట్టవు."

అన్సర్ కిటికీ పక్కన కూలబడ్డాడు. నిద్రలేక కళ్లు మండుతున్నాయి. థియరీ గీసిన పట్టికలో ఇద్దరు మనుషులున్నారు, శిక్షలున్నాయి. ఆట అయ్యాక వాళ్లు తిరిగి వెళ్లాల్సిన ఊరు మాత్రం లేదు. వీళ్ల భయం జైలు కాదు, మొదటివాడు కావడం. అలాంటి భయం తనకూ ఒకప్పుడు ఉండేదేమో, తిరిగి వెళ్లడానికి ఒక చోటంటూ ఉన్నప్పుడు.

ఈ సీమలో రాజీలు అతను చూశాడు. ఎంత పగ చల్లారినా ముందు చెయ్యి చాచేవాడుండడు. పెద్దమనిషే రెండు చేతులూ పట్టుకుని ఒక్కసారిగా కలుపుతాడు.

దావూద్‌ను జమ్మలమడుగు తీసుకురమ్మన్నాడు.

"ఇద్దర్నీ కలిపితే ఆట పోతుంది," అన్నాడు చీఫ్.

"ఎలాగూ పోయింది సార్."

ఐదు కావస్తుండగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఏంది మామా, మొగం అట్ల పీక్కపోయింది?"

"నిన్ను చూసినాకే లేరా."

అన్సర్ చెరో చెయ్యి పట్టుకున్నాడు. "మూడు అనగానే ఇద్దరూ ఒకేసారి చెప్పండి. ముందూ వెనకా లేదు. ఇద్దరికీ శిక్ష సగమే."

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నారాయణ తలూపాడు. దావూద్ కూడా.

"ఒకటి."

అన్సర్ ఇయర్‌పీస్‌లో, లాడ్జి నుంచి విదేశీ యాస గొంతు కోడ్ అడుగుతోంది.

"రెండు."

పిస్టల్ సేఫ్టీ తీసిన చప్పుడు.

"మూడు."

"చీనీతోట," "తూముగట్టు." రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అన్సర్ విడదీసి మైకులో చెప్పాడు.

ప్రియదర్శిని గొంతు బద్ధకంగా వినిపించింది. "చీనీతోట తూముగట్టు. ఇక దించండి, చెమటకు మేకప్ పోతోంది."

పిస్టల్ దిగింది. అదే క్షణంలో తలుపు బద్దలైంది. బయట కాచుకున్న టీం నాయకుణ్ణీ డ్రాయింగుల్నీ పట్టుకుంది.

జీపు ఎక్కబోతూ దావూద్ గొంతు తగ్గించాడు. "సార్, మామే రవ్వంత ముందు నోరు తెరిచినాడు. చూసినావు గదా?"

"చూశాను."

కాసేపటికి నారాయణ దగ్గరికొచ్చాడు. "దావూద్‌గాడే ముందు అన్నాడు. రేపు ఎవురన్నా అడిగితే సాక్ష్యం నువ్వే సార్."

"నేనే."

డబుల్ ఏజెంట్ కావడం ఇంత తేలికని అన్సర్‌కు ఇన్నాళ్లూ తెలీదు.