నల్లని పలువరుస

షిరాసె దుర్గాన్ని శత్రువులు ముట్టడించి నలభై దినాలైంది. బురుజుల మీది పతాకాలు పేలికలైపోయినా, తమ సమురాయ్ వీరులు నరికి తెచ్చిన శత్రువుల శిరస్సులను కడిగి, జుట్టు దువ్వి ముడివేసి, పళ్ళకు నల్లరంగు పూసి ప్రభువు పరిశీలనకు సిద్ధపరచే ఆచారాన్ని కోటలోని స్త్రీలు ఒక్క పూటైనా మానలేదు. నల్లని పలువరుస గొప్ప వంశానికి గుర్తు మరి. ఆ పనిలో సేనాపతి మునెతోకి యొక్క ఏకైక పుత్రిక హగినోది అందె వేసిన చేయి.

యుద్ధానికి ముందు ఆమెకు యసుమిచితో పెండ్లి నిశ్చయమైంది. ఇప్పుడతడు శత్రుపక్షాన ఉన్నాడు. నోట చక్కెర, కడుపున కత్తెర అయిన మంత్రి నగయోరికి ఆ మాత్రం చాలు.

“నిప్పు లేనిదే పొగ పుట్టునా ప్రభూ? సేనాపతి మనసు కాబోయిన అల్లుని వైపే యున్నది” అని నూరిపోశాడు. ప్రభువు ఆ యసుమిచి తలనే తెమ్మని సేనాపతిని ఆజ్ఞాపించాడు. సేనాపతి తెచ్చాడు.

అంతటితో మంత్రి కడుపు చల్లబడలేదు. ప్రభువును, ఆ తలతో సేనాపతిని వెంటబెట్టుకొని స్త్రీలున్న గదికే వచ్చాడు.

“సేనాపతీ, దీనిని నీ కుమార్తెయే అలంకరింపవలెను. ఆమె కంట ఒక్క బొట్టు రాలెనా, మీ యింట ద్రోహము దాగియున్నట్లే. నీ శిరస్సు దీని సరసనే నిలుచును.”

హగినో ఆ తలను అందుకొని కడిగింది. జుట్టు విప్పగానే అగరు గుప్పుమంది. తిరిగిరానని నిశ్చయించుకొన్న వీరుడే శిరస్త్రాణానికి అగరు ధూపం పట్టించుకొంటాడు. ఆ అగరు నిశ్చితార్థం నాడు ఆమె ఇచ్చినదే. హగినోకు గుండె చెరువైంది. కంట తడి మాత్రం రానివ్వలేదు. అంతకుముందెన్నడూ తాకని ఆ పెదవులను విడదీసి, ఒక్కొక్క పంటికీ నల్లరంగు పూసింది. మంత్రి, పాపిష్ఠివాడు, ఆమె కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాడు.

“మునెతోకీ, నిన్ను శంకించుట మా దోషము” అని ప్రభువు లేచాడు. ముఖం మాడ్చుకొని మంత్రీ వెంట నడిచాడు.

సేనాపతి కూతురి ముందు కూలబడ్డాడు. “తల్లీ, అతడు కత్తి దూయనే లేదు. ‘మీ ప్రభువు కోరినది నా తలయని వింటిని మామా, ఆలస్యమేల’ అని శిరస్త్రాణము తానే విప్పినాడు. వారు వెడలిపోయిరమ్మా. ఏడువుము, నన్ను శపింపుము!”

హగినో పక్కనున్న మరో తలను ఒడిలోకి తీసుకొంది.

“ఇంకను పదకొండున్నవి సేనాపతిగారూ. కొంచెము తొలగుడు, వెలుతురు రావలెను.”

నాయనగారూ అని పిలిచే కూతురు ఆయనను అలా పిలవడం అదే మొదలు. చచ్చేదాకా ఆ పిలుపు మారలేదు.